హాఫ్ టికెట్ మీద వెళ్తున్న బాబుకి వయసు రుజువు ఏం చూపించాలి?

అమ్మ_డైరీ
అందరికీ నమస్తే. చిన్న విషయమే గానీ వారం రోజులుగా బుర్ర తొలిచేస్తోంది.

మా బాబుకి పదకొండేళ్లు నిండి పదకొండో నెల నడుస్తోంది. మనిషి మాత్రం నా భుజం దాటేశాడు, పై పెదవి మీద నూనూగు కూడా మొదలైంది. మొన్న రాత్రి రైల్లో నేను, అత్తయ్యగారు, వాడు స్లీపర్‌లో బయల్దేరాం. మా ఇద్దరికీ బెర్తులు. వాడికి బెర్త్ లేకుండా హాఫ్ టికెట్. లోయర్ మీద నేనూ వాడూ సర్దుకుందామనుకున్నాం.

టీటీఈ వచ్చి చార్ట్ చూసి, వాణ్ణి చూసి, మళ్లీ చార్ట్ చూశాడు. "బాబుకి ఎన్నేళ్లమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు "పన్నెండు బాబూ" అనేశారు. ఆవిడ లెక్క పన్నెండో ఏడు నడుస్తోందని! నేను "కాదండీ, ఇంకా నిండలేదు" అంటే అబద్ధం సర్దుతున్నట్టు వినపడింది. స్కూల్ ఐడీ తీసి ఇచ్చాను. అందులో ఏడో తరగతి అని ఉంది, బ్లడ్ గ్రూప్ ఉంది, బస్ రూట్ నంబర్ కూడా ఉంది. పుట్టిన తేదీ మాత్రం లేదు.

మావారికి ఫోన్ చేస్తే బర్త్ సర్టిఫికెట్ ఫొటో వాట్సాప్‌లో పంపారు. సిగ్నల్ లేదు. ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. చుట్టుపక్కల బెర్తుల వాళ్లంతా తలలు తిప్పి మావైపే చూస్తున్నారు. బాబు దుప్పటి లోపల మోకాళ్లు ముడుచుకుని వీలైనంత చిన్నగా కూర్చున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీటీఈ పాపం విసుక్కోలేదు. ఎదురు సైడ్ సీట్లో కూర్చుని వేరేవాళ్ల టికెట్లు చూసుకున్నాడు. ఫొటో వచ్చాక రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి "ఇంకో నెల ఉందిలే" అని వెళ్లిపోయాడు.

అసలు సమస్య ఇప్పుడు. తిరుగు ప్రయాణం వాడి పుట్టినరోజైన రెండు రోజులకి. రానూపోనూ ఒకేసారి బుక్ చేశాం కాబట్టి దానికి కూడా హాఫ్ టికెట్టే ఉంది. టికెట్ తీసిన రోజుకి పదకొండే కదా, చెల్లుతుందా? రెండో ప్రశ్న, ఇలాంటప్పుడు ఏ కాగితం దగ్గర ఉంచుకుంటే గొడవ ఉండదు?

సైడ్‌లోయర్
అక్కా, చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. మా చెల్లి కూతురికి పది. పై వారం ప్రయాణం. మా దగ్గర కూడా స్కూల్ ఐడీ ఒక్కటే ఉంది. ఆధార్ అప్‌డేట్‌కి ఇచ్చాం, ఇంకా రాలేదు. ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

లెక్కలమాస్టారు
సైడ్‌లోయర్, ముందు టికెట్ తీసి చూడు. పాప పేరు పక్కన బెర్త్ నంబర్ ఉందా, ఎన్‌ఓఎస్‌బి (అంటే బెర్త్ లేదని) అని ఉందా?

సైడ్‌లోయర్
ఎస్4, 21 అని ఉంది మాస్టారూ.

లెక్కలమాస్టారు
అయితే హాయిగా నిద్రపో. బెర్త్ నంబర్ ఉందంటే పెద్దవాళ్ల చార్జీ కట్టేసినట్టే. 2016 ఏప్రిల్ 21 నుంచి లెక్క ఇదే. ఐదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకి విడిగా బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. అంతకుముందు సగం డబ్బుకే బెర్త్ కూడా ఇచ్చేవారు. మన తరం గుర్తుల్లో ఇంకా అదే ఉండిపోయింది. అందుకే పిల్లలంటే హాఫ్ టికెట్ అని అలవాటుగా అనేస్తాం.

పూర్తి చార్జీ కట్టిన పాపకి పదేళ్లయితేనేం, పదమూడైతేనేం? రైల్వేకి రావాల్సింది వచ్చింది. వయసు గొడవంతా బెర్త్ లేని హాఫ్ టికెట్‌తోనూ, జనరల్ బోగీ హాఫ్ టికెట్‌తోనే.

సైడ్‌లోయర్
హమ్మయ్య! పూర్తి డబ్బులు కట్టామని నాకే తెలీదు, బావ బుక్ చేశాడు. ఇప్పుడాయనతో వేరే గొడవ మొదలు.

తూర్పుగాలి
ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు వయసు 5 నుంచి 11 మధ్య వేస్తే బెర్త్ కావాలా అని చిన్న గడి వస్తుంది. చాలామంది దాన్ని చూసుకోరు. అటు పొరపాటైతే డబ్బు పోతుంది, ఇటు పొరపాటైతే రాత్రంతా పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. మేం రెండోది చేశాం. మావాడికి అప్పుడు తొమ్మిదేళ్లు, ఒళ్లో పట్టే సైజు కాదు.

పొదుపురాజా
అమ్మ_డైరీ గారూ, ఊరికే కంగారు పడుతున్నారు. రెండు రోజులకే వాడు అమితాబ్ బచ్చన్ అంత అయిపోతాడా? పదకొండే అనండి. మా పెద్దోడికి పదమూడు వచ్చేదాకా హాఫ్ టికెట్టే తీశాం, ఒక్కడూ అడగలేదు. అందరూ చేసేదే.

లెక్కలమాస్టారు
మీవాడు పొట్టిగా ఉండి ఉంటాడు రాజా. ఈవిడ కొడుక్కి పదకొండు ఉన్నప్పుడే అడిగారు.

నల్లకోటు
ముప్పై ఏళ్లు టీటీఈగా ఆ కోటు వేసుకుని తిరిగినవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. రెండు ముక్కలు చెప్తాను.

అమ్మా, ముందు మీ తిరుగు టికెట్ సంగతి. అటు టికెట్ వేరు, ఇటు టికెట్ వేరు. బుక్ చేసిన రోజు వయసు పట్టుకుని వాదించడానికి దిగకండి. ఆ రోజు బోగీలో కూర్చున్న పిల్లాడికి పన్నెండు నిండాయి, మీ చేతిలోని కాగితమే ఆ మాట చెప్తుంది. వయసు రుజువు పట్టుకెళ్లి మీ మీద మీరే సాక్ష్యం చెప్పుకున్నట్టవుతుంది. ముందు వాడి పేరుతో విడిగా ఒక పూర్తి టికెట్ తీసుకోండి. అది చేతికొచ్చాక పాత టికెట్‌లో వాడి పేరు ఒక్కటీ రద్దు చేయండి. ఒక పీఎన్‌ఆర్‌లో ఒక్కరినే రద్దు చేసుకోవచ్చు, మీ ఇద్దరి బెర్తులకీ ఏం కాదు. ఈ వరస మాత్రం తిప్పకండి. ముందు రద్దు చేసి తర్వాత వెతుక్కుంటే వెయిటింగ్ లిస్టులో పడతారు.

రాజా గారి సలహాకి జవాబు. పొరపాటున సరైన టికెట్ లేకుండా దొరికితే రైల్వే చట్టం 138వ సెక్షన్. కట్టాల్సిన చార్జీ, దాని మీద అంతే మొత్తం గానీ 250 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది. కావాలని మోసం చేశారని తేలితే 137. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పిల్లాడి హాఫ్ టికెట్ విషయంలో నేను 137 దాకా ఎప్పుడూ పోలేదు, డబ్బు కట్టించుకుని రసీదు ఇచ్చేవాణ్ణి. రసీదు మాత్రం అడిగి తీసుకోండి. అది లేకుండా ఎవరి చేతిలోనూ రూపాయి పెట్టకండి.

ఇక మేం ఎలా పట్టుకునేవాళ్లం అంటారా? పిల్లల్ని వయసు అడిగేవాణ్ణి కాదు. ఇంటి దగ్గరే నేర్పించి తీసుకొస్తారు, టక్కున అప్పజెప్తారు. పక్కనున్న తమ్ముడి వయసు అడిగేవాణ్ణి. ఒకసారి ఒక అక్కా తమ్ముడూ ఉన్నారు. అక్కకి టికెట్ లేదు, నాలుగేళ్లన్నారు. తమ్ముడికి ఎన్నేళ్లమ్మా అంటే "ఐదు" అంది ఆ పిల్ల, మహా గర్వంగా. వాళ్ల నాన్న కిటికీలోంచి పొలాలు చూడటం మొదలెట్టాడు.

చలాకీచిన్ని
😂😂 ఆ నాన్న నేను కాదు కదా అని ఒకసారి ఇంట్లో కనుక్కోవాలి.

అమ్మ_డైరీ
నల్లకోటు గారూ, చాలా థాంక్సండీ. రద్దు ముందా బుకింగ్ ముందా అన్నది నాకు తట్టనే లేదు. ఒక భయం ఉండిపోయింది. ఒకవేళ రుజువు లేకపోతే, డబ్బు కూడా చాలకపోతే, అర్ధరాత్రి ఏదో ఒక స్టేషన్‌లో దింపేస్తారా? ఆడవాళ్లం, పిల్లాడితో.

నల్లకోటు
దింపరమ్మా. 139వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మగతోడు లేని ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎక్కడపడితే అక్కడ దింపడానికి లేదు. బయల్దేరిన స్టేషన్, జంక్షన్, చివరి స్టేషన్, లేదంటే జిల్లా కేంద్రం. అదీ పగటిపూట మాత్రమే. బండి నడుస్తుండగా ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయొచ్చు. సెక్షన్ నంబరూ ఫోన్ నంబరూ ఒకటే కావడం కాకతాళీయం అనుకుంటా, గుర్తుపెట్టుకోవడానికి మాత్రం బాగుంది.

తూర్పుగాలి
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు. నేను చెప్తా, మా ఇంట్లో ఈ పురాణం అయిపోయింది కాబట్టి.

ఐడీ ప్రూఫ్ వేరు, వయసు ప్రూఫ్ వేరు. ఈ రెండూ కలిపేసుకునే అందరూ దెబ్బతింటారు. రిజర్వేషన్ టికెట్‌కి ఆ పీఎన్‌ఆర్‌లో ఉన్న ఎవరో ఒకరు ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కాబట్టి అమ్మ ఆధార్ ఒక్కటి ఉంటే పనైపోయిందనుకుంటాం. అది "ఈ టికెట్ వీళ్లదేనా" అన్న ప్రశ్నకి జవాబు. "ఈ పిల్లాడికి పన్నెండు నిండాయా" అన్న ప్రశ్నకి అమ్మ ఆధార్ ఏం చెప్తుంది?

వయసుకి పుట్టిన తేదీ రోజు, నెలతో సహా ఉన్నది కావాలి. బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, పిల్లాడి సొంత ఆధార్. ఇందులో కూడా ఒక మెలిక ఉంది. మొదట్లో వచ్చిన కొన్ని ఆధార్ కార్డుల మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉండేది. సరిగ్గా పన్నెండు నిండే ఏడాదిలో సంవత్సరం ఒక్కటి తెలిస్తే ఏం లాభం? మీ కార్డు ఒకసారి తిప్పి చూసుకోండి.

ఫోన్‌లో చూపించేటట్టయితే డిజిలాకర్‌లో "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" కింద ఉన్న ఆధార్‌ని గుర్తింపుగా ఒప్పుకుంటామని రైల్వే 2018లోనే చెప్పింది. మనం ఫొటో తీసి పైకెక్కించుకున్నవి లెక్కలోకి రావు. సిగ్నల్ లేనిచోట అది కూడా గుండ్రం తిరుగుతుంది కాబట్టి, నేను బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ మడిచి పర్సులో నా ఓటర్ కార్డు వెనకాల పెట్టేశాను. మడతల దగ్గర చిరిగిపోతే ప్లాస్టర్ వేశాను. మూడేళ్లుగా అక్కడే ఉంది. జిరాక్స్ ఒప్పుకోకపోతే ఒరిజినల్ ఫొటో ఫోన్‌లో ఉంటుంది. రెండూ కలిపి చూపిస్తే ఇప్పటిదాకా కాదన్నవాళ్లు లేరు.

లెక్కలమాస్టారు
ఒక్క మాట కలుపుతా. పిల్లాడి ఆధార్‌లో తేదీ, బర్త్ సర్టిఫికెట్‌లో తేదీ ఒకటేనా అని కూడా చూసుకోండి. మా చిన్నప్పుడు బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారే ఒక తేదీ వేసేవారు. మా క్లాసులో సగం మంది జూన్‌లో పుట్టినవాళ్లే. నేనూ జూనే. మా అమ్మ మాత్రం నేను సంక్రాంతి ముందు పుట్టానంటుంది. ఇప్పటి పిల్లలకి ఆ తిప్పలు తక్కువ. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన మార్పుతో, ఆ తేదీ తర్వాత పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెటే అసలైన రుజువు. వాళ్లు హాఫ్ టికెట్ వయసుకి వచ్చేసరికి ఈ గందరగోళం కొంత తగ్గుతుంది.

చలాకీచిన్ని
మా పాపకి మూడేళ్లు. దానికి కూడా ఇవన్నీ మోసుకెళ్లాలా? నీలం రంగు ఆధార్ ఉంది.

తూర్పుగాలి
ఐదు నిండేదాకా విడిగా బెర్త్ అక్కర్లేకపోతే టికెట్టే లేదు. బుక్ చేసేటప్పుడు పసిపిల్లల వరుసలో పేరు వేయొచ్చు, డబ్బు పడదు. నీలం కార్డు దగ్గర పెట్టుకోండి చాలు. నాలుగున్నర దాటాక మాత్రం తప్పకుండా పెట్టుకోండి. ఐదు నిండాక ఆధార్‌కి వేలిముద్రలు ఇప్పించాలి, అదీ మర్చిపోకండి.

పొదుపురాజా
అందరూ కలిసి నన్ను దొంగని చేసేశారు. సరే ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి అడుగుతా. ఏడో తరగతి చదివే పిల్లాడు, ఇంకా సంపాదన లేదు. పన్నెండు నిండగానే పెద్దవాడి చార్జీ ఏంటి? అది న్యాయమా?

థేమ్స్ఒడ్డున
రాజా గారి రెండో ప్రశ్న బాగుంది. దేశాన్ని బట్టి గీత మారిపోతుంది. నేనుండే బ్రిటన్‌లో 5 నుంచి 15 ఏళ్ల దాకా పిల్లల టికెట్ సగం ధర. 16, 17 ఏళ్లవాళ్లకి విడిగా ఒక సేవర్ కార్డ్ ఉంది, దానితో వాళ్లకీ సగమే పడుతుంది. అంటే ఇక్కడ గొడవ పదిహేనేళ్ల వాళ్లతో. ఆ వయసు పిల్లలు అమ్మానాన్న లేకుండా ఒంటరిగా తిరుగుతారు, గడ్డం కూడా వచ్చి ఉంటుంది. మావాడు పాస్‌పోర్ట్ ఫొటో పేజీ ఫోన్‌లో పెట్టుకు తిరుగుతాడు. లండన్ లోపల తిరిగే పిల్లలకి ఫొటో ఉన్న ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు ఉంటుంది, అప్పుడు వేరే రుజువు పని లేదు. నాకు నచ్చిన పద్ధతి అదే. వయసు ఒకసారి కార్డు తీసుకునేటప్పుడు చూపిస్తావు, ఆ తర్వాత కార్డే మాట్లాడుతుంది.

జపాన్‌లో ఇంకో తమాషా. పన్నెండు నిండినా ప్రాథమిక బడి దాటకపోతే పిల్లల చార్జీయే. తరగతి రాసి ఉన్న స్కూల్ ఐడీ అక్కడైతే పనికొచ్చేది! చైనాలో చాలాకాలం ఎత్తు కొలిచేవారు, మీటరున్నర దాటితే పెద్దాళ్ల టికెట్. 2023 నుంచి అక్కడా వయసుకి మారారు.

అమ్మ_డైరీ
ఎత్తు కొలిస్తే మావాడు ఎనిమిదేళ్ల నుంచీ పూర్తి టికెట్టే 🙂

లెక్కలమాస్టారు
ఎత్తు కొలవడంలో ఒక సుఖముంది, అత్తగారు అడ్డు రాలేరు. "పన్నెండు" అన్న మాటకి మన ఇళ్లలో రెండు అర్థాలు. పెద్దవాళ్లు నడుస్తున్న ఏడు చెప్తారు, ఫారాలు నిండిన ఏడు అడుగుతాయి. మా నాన్నగారు ఎనభై అని చెప్పుకుని ఏడాది తిరిగారు, కార్డు ప్రకారం డెబ్బై తొమ్మిదే.

సైడ్‌లోయర్
వయసు ఎక్కువే ఉందని రుజువు చేసుకోవాల్సిన వాళ్ల కథ కూడా ఉంది. సీనియర్ సిటిజన్ రాయితీ ఉన్న రోజుల్లో, అంటే 2020 మార్చి ముందు, ఆడవాళ్లకి 58 నిండితే సగం తగ్గేది. మా అమ్మమ్మకి అరవై రెండు. జుట్టుకి నల్లగా రంగు వేయించుకుని రైలెక్కింది. టీటీఈ నమ్మలేదు. కార్డు చూపించమంటే ఆవిడ పొంగిపోయి, ముందు "నాకు ఎన్నేళ్లుంటాయనుకుంటున్నావు?" అని ఆయన్నే అడిగింది. దారంతా అదే కబురు. రాయితీ పోయినప్పుడు డబ్బు కంటే ఆ ప్రశ్న అడిగే అవకాశం పోయిందని బాధపడింది.

చలాకీచిన్ని
నాకో అనుమానం. బండి ఎక్కేటప్పటికి పదకొండు, రాత్రి పన్నెండింటికి రైల్లోనే పన్నెండు నిండితే?

నల్లకోటు
కేకు కోసి టీటీఈకి ఓ ముక్క పెట్టండి.

తూర్పుగాలి
అమ్మ_డైరీ గారూ, ఇంకొకటి చెప్పాలి, మీరు అడగలేదు గానీ. పిల్లాడి ఎదురుగా వాడి వయసు మీద వాదన జరిగితే వాడికి చాలా అవమానంగా ఉంటుంది. దుప్పట్లో ముడుచుకున్నాడని రాశారు కదా. మా పాప అదే ఈడులో "నేను అబద్ధం చెప్పానని ఆయన అనుకున్నాడా?" అని రెండు రోజులు అడిగింది. అప్పట్నుంచి కాగితం దాని చేతికే ఇచ్చాను. ఎవరైనా అడిగితే అదే తీసి ఇస్తుంది. నేను నోరెత్తను.

పొదుపురాజా
మావాణ్ణి అడిగితే వాడూ ఇదే అన్నాడు. "పదకొండు అని చెప్పమన్నప్పుడల్లా సిగ్గేసేది నాన్నా" అన్నాడు. నాకిప్పుడు తెలిసింది. సరే, వదిలేయండి.

అమ్మ_డైరీ
(నెలన్నర తర్వాత)
ఎలా అయిందో చెప్పమని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకే రాస్తున్నా.

నల్లకోటు గారు చెప్పిన వరసలోనే చేశాం. ముందు బాబు పేరుతో పూర్తి టికెట్, వయసు 12 వేసి. ఆర్‌ఏసీ వచ్చింది. ఆ తర్వాతే పాత టికెట్‌లోంచి వాడి పేరు తీసేశాం. చార్ట్ తయారయ్యేసరికి కన్ఫర్మ్ అయింది. బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాడి జేబులోనే ఉంచాను. ఎక్కిన దగ్గర్నుంచీ వాడు తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు, ఎప్పుడు అడుగుతారా, ఎప్పుడు తీసిద్దామా అని. అత్తయ్యగారికి కూడా గట్టిగా చెప్పి ఎక్కించాం, ఎవరేమడిగినా మనవణ్ణే మాట్లాడనివ్వమని.

టీటీఈ వచ్చాడు. పేరు అడిగాడు, టిక్ పెట్టుకున్నాడు, వెళ్లిపోయాడు. వయసు ఊసే లేదు. మావాడి మొహం చూడాలి మీరు!

తూర్పుగాలి
అయ్యో పాపం. బెర్త్ ఏదొచ్చింది?

అమ్మ_డైరీ
సైడ్ అప్పర్. కాళ్లు పట్టలేదు. రాత్రి రెండింటికి దిగొచ్చి నా లోయర్ మీదే నిద్రపోయాడు.